ఆ డయల్ అసలైనదే

పోర్ట్ బ్లెయిర్ ఊళ్లో, ఆస్టినాబాద్‌లో మా ఇంటికి దగ్గర్లోనే జాలర్ల సంఘం హాలు ఉంది. కిందటేడు వానలు తగ్గుతున్న రోజుల్లో ఆ హాల్లో అందరి ముందూ నేనొక మాట అన్నాను. మా వీధి పెద్దాయన చేతి వాచీ మీద టార్చి వేసి చూసి, "దీని డయల్ నకిలీది" అన్నాను. అది తప్పు. డయల్ అసలైనదే. ఆ వాచీ తనకెలా వచ్చిందో ఆయన వయసులో ఉన్నప్పటి నుంచీ చెబుతూ వచ్చిన సంగతీ నిజమే.

ఇంతటితో ఆపేయవచ్చు. ఆపేస్తే నాది కంటి పొరపాటు అనిపిస్తుంది. కన్ను పొరబడక ముందే నా మనసులో ఒకటి జరిగింది. అది కూడా రాయకపోతే ఇది రాసినట్టు కాదు.

నేను పడవల మరమ్మతు వర్క్‌షాప్‌లో స్టోర్ కీపర్ని. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు బోల్టుల్లో ఏది ఏ ఇంజనుదో చెప్పడం నా ఉద్యోగం. చాలా ఏళ్ల కిందట అబర్డీన్ బజార్‌లో వాచీలు బాగుచేసే దుకాణం ఒకటి మూసేస్తుంటే, వాళ్లు పారేయబోయిన పాత డయళ్లు ఒక రేకు డబ్బా నిండా ఇంటికి తెచ్చుకున్నాను. పిచ్చి అక్కడ మొదలైంది. అందులోనూ డైవింగ్ వాచీలు. బ్యాటరీ లేకుండా కీతో నడిచేవి, అద్దం చుట్టూ తిరిగే రింగు ఉండేవి, నీళ్లలోకి దిగేవాళ్లు ఊపిరి లెక్క చూసుకోవడానికి కట్టుకునేవి.

ఒకే కంపెనీ ఒకే వాచీని ఇరవై ఏళ్లు చేసినా డయల్ మాత్రం ఒక్కలా ఉండదు. కొన్నాళ్లు అంకెల చోట గుండ్రటి చుక్కలుంటాయి, తర్వాత పలకలు వస్తాయి. అడుగున దేశం పేరుకు అటూ ఇటూ చిన్న అక్షరాలు చేరతాయి, అవి చీకట్లో వెలిగే రంగు ఏ రకందో చెబుతాయి. ఎంత లోతు వరకూ నీరు దూరదో రాసే వరసలో కొన్నాళ్లు అడుగులు ముందు, మీటర్లు తర్వాత. ఇంకొన్నాళ్లు అది తిరగబడుతుంది. వీటిని బట్టి వాచీ ఏ కాలానిదో, డయల్ దానితో పుట్టిందో మధ్యలో వచ్చి చేరిందో చెప్పవచ్చు. పాత వాచీలంటే ఇష్టమున్నవాళ్లు ఫోన్లో ఒక గ్రూపుగా ఉంటారు. ఎక్కడెక్కడి వాళ్లో ఫొటోలు పంపి ఇది అసలుదా కాదా అని నన్ను అడిగేవాళ్లు. పోర్ట్ బ్లెయిర్‌లో ఎవరికీ పట్టని నా మాట వాళ్లకు చివరి మాట. ఆ రుచి నాకు బాగా అలవాటైంది.

నేను మావయ్యా అని పిలిచే ఆ పెద్దాయన శ్రీకాకుళం తీరం నుంచి చిన్నతనంలోనే ఇక్కడికి వచ్చిన జాలరి. వయసులో ఉండగా గవ్వలూ శంఖాల కోసం సముద్రం అడుగుకు దిగేవాడు. మాది తెలుగు చర్చి కుటుంబం, వాళ్లది గంగమ్మను కొలిచే ఇల్లు. అయినా మా నాన్న కాలం నుంచీ ఆయన నన్ను అల్లుడా అనే పిలుస్తాడు. ఆయన చెప్పే సంగతి వీధిలో అందరికీ నోటికి వచ్చు. కలప కోసం వచ్చిన ఒక విదేశీ ఓడ ఛాతం రంపపు మిల్లు దగ్గర ఆగి ఉండగా, నీళ్లలో తిరిగే దాని ఫ్యానుకు మోకు చుట్టుకుంది. మావయ్య ముక్కూ కళ్లూ మూసే ముసుగు ఒక్కటి పెట్టుకుని, కత్తి పట్టుకుని దిగి ఆ మోకు కోసేశాడు. పైకి వచ్చాక ఓడ ఇంజనీరు తన చేతి వాచీ విప్పి ఈయన చేతికి కట్టాడు. విన్నవాళ్లు తలాడించేవారు. ఆయన అటు వెళ్లాక నవ్వుకునేవారు. ఆ నవ్వుల్లో నేనూ ఉన్నాను.

ఆ వాచీ ముఖం నేనెప్పుడూ దగ్గరగా చూడలేదు. వల లాగేటప్పుడు అద్దం దెబ్బ తినకుండా ఆయన దాన్ని మణికట్టు లోపలివైపుకు తిప్పి కట్టుకుంటాడు. నాకు కనిపించేది వెనక రేకూ పట్టీ మాత్రమే.

సంఘం వాళ్లు పాత పనిముట్లతో చిన్న ప్రదర్శన పెట్టాలనుకున్నారు. గవ్వలు పెకలించే గునపం, రబ్బరు పగిలిపోయిన ముసుగు, పడవ లాంతరు, వాటితో పాటు మావయ్య వాచీ. ఒక్కొక్క వస్తువు పక్కన దాని కథ రాసిన కార్డు. వాచీ కార్డు రాసే ముందు నన్ను పిలిచారు. కార్యదర్శి ముప్ఫై దాటని మనిషి, మంచివాడు, ఇక్కడి కుర్రాళ్లందరిలాగే హిందీ కలిపి మాట్లాడతాడు.

"అంకుల్, ఆప్ ఏక్ బార్ దేఖ్ లో. మీరు ఓకే అంటే మావ స్టోరీ కార్డు మీద పెట్టేస్తాం. రేపు స్కూల్ పిల్లలొస్తారు."

మావయ్య కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. ఆయన భార్య, నేను అత్తా అని పిలిచే ఆవిడ, రాలేదు. ఆయన వాచీ విప్పి బల్ల మీద పెట్టాడు.

లోతు రాసిన వరసలో అడుగులు ముందున్నాయి. అక్షరాల అమరిక, అడుగున దేశం పేరుకు రెండు పక్కలా ఉండాల్సిన అక్షరాలు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ కంపెనీ కొద్దికాలమే చేసిన డయల్ అది. ఎన్నో ఏళ్లుగా ఊరూరి ఫొటోల్లో నేను వెతుకుతున్నది, మా ఇంటి నుంచి రెండు సందుల అవతల, రోజూ కుళాయి దగ్గర కనిపించే మనిషి చేతికి బోర్లా కట్టి ఉంది. నాకు కలగాల్సింది సంతోషం. కలిగింది మంట. ఇది నిజం కాకూడదు అనుకున్నాను. మాటల్లో అనుకోలేదు కానీ, అనుకున్నాను.

జేబులోంచి నీలి టార్చి తీశాను. వర్క్‌షాప్‌లో నూనె ఎక్కడ కారుతోందో పట్టుకోవడానికి వాడే అల్ట్రావయొలెట్ టార్చి అది. లైట్లు ఆపమన్నాను. ఆ కాంతిలో డయల్ మీద చుక్కలన్నీ పచ్చగా భగ్గుమన్నాయి. హాల్లో అందరూ అబ్బో అన్నారు.

"చూశారా? ఇంత పాత వాచీలో ఈ రంగు ఎప్పుడో చచ్చిపోయి ఉండాలి. ఇలా మండుతోందంటే ఈమధ్య వేసిన రంగు. డయల్ నకిలీది."

"కొత్తదేటల్లుడా?" అన్నాడు మావయ్య. "ఆ దొర నా సేతికి కట్టినకాడ్నించి డయల్ మార్సనేదు. అద్దం పోతే కొన్నేల్లు ఇంట్లో పడుంది, అంతే."

"అదీ సంగతి. అద్దం వేయించినప్పుడు డయల్ కూడా మార్చేసి ఉంటారు మావయ్యా. నీకు చెప్పి ఉండరు."

చీకట్లోంచి ఎవరో అన్నారు. "మావా, వాచీ డూప్లికేటయితే ఓడ కూడా డూప్లికేటేనా?"

"దొర అసలోడే. అబర్డీన్‌లో దుకాణం ఉండేది ఆడికి" అని ఇంకొకడు అందుకున్నాడు.

హాలంతా నవ్వింది. "అరే చుప్ కరో యార్" అంటూ కార్యదర్శి కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. నేను టార్చి ఇంకా వాచీ మీదే పట్టుకుని ఉన్నాను. మావయ్య చేయి ఆ వెలుగులోకి వచ్చి వాచీని తీసుకుంది.

"లైటెయ్యండ్రా" అన్నాడాయన. వేశారు. పట్టీ బిగించుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం చేయలేదు.

ఇక్కడ తెలియనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. తెలిసినవాళ్లకు నా తప్పు ఈపాటికే అర్థమై ఉంటుంది. నీలి టార్చి పరీక్షలో ముఖ్యమైనది టార్చి ఆపాక వచ్చే క్షణం. కొత్త రంగు వెలుగును పట్టుకుని, టార్చి ఆపినా కాసేపు వెలుగుతూనే ఉంటుంది. చచ్చిన పాత రంగు టార్చితో పాటే ఆరిపోతుంది. ఫొటో పంపిన ప్రతివాడికీ నేను చెప్పే మొదటి పాఠం ఇదే. ఆ రోజు నేను టార్చి ఆపి చూడలేదు. ఆపితే నాకు అక్కర్లేని జవాబు వస్తుందేమోనని ఆపలేదని ఇప్పుడు అనిపిస్తుంది.

మర్నాడు నేను చేసింది దీనికంటే పెద్ద సిగ్గు. ఆయన ఇంటి గేటు దగ్గర నిలబడి అన్నాను.

"మావయ్యా, నిన్నటిది మనసులో పెట్టుకోకు. ఎలాగూ నకిలీదే కదా, నీకు దాంతో ఏం పని? ముళ్లూ రింగూ నాకు పనికొస్తాయి. ఇచ్చేయకూడదూ?"

అత్త లోపలి నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నకిలీదైతే నీకెందుకు బాబూ?"

స్పేర్ పార్టులని ఏదో గొణిగి వచ్చేశాను. ఆ మాట కోపంగా అని ఉంటే బాగుండేది. ఆమె నిజంగానే తెలియక అడిగింది.

ప్రదర్శన వాచీ లేకుండానే జరిగింది. ఆ తర్వాత మావయ్య మణికట్టు ఖాళీగా కనిపించడం మొదలైంది. బస్టాపు పక్క టీ దుకాణంలో పొద్దున్నే కూర్చునే మనిషి అక్కడికి రావడం మానేశాడు. దుకాణం దగ్గర కుర్రాళ్లు ఏ వస్తువు గురించయినా "మావ వాచీ మాల్" అని నవ్వేవాళ్లు. నా మాట అలా ఊళ్లో తిరుగుతుంటే మొదట్లో నాకు కొంత గర్వంగా కూడా ఉండేది. ఇదీ రాయాలి.

దసరా వచ్చింది. వర్క్‌షాప్‌లో ఆయుధ పూజ పెద్దగా చేస్తారు. లేతు మెషీన్ దగ్గర నుంచి చేతి రెంచీల దాకా అన్నిటికీ పసుపూ కుంకుమా. మా ఇంట్లో ఆ పూజ లేకపోయినా ఏటా నేను స్టోరు తాళం తీసి, స్పానర్లు వరసగా పేర్చి ఇస్తాను, ప్రసాదం తింటాను. పండగ వెళ్లిన కొద్ది రోజులకు ఒక హైడ్రాలిక్ జాక్‌లో నూనె కారుతోందంటే నీలి టార్చి పట్టుకుని వంగాను. జాక్ మెడ మీద మూడు వేళ్ల చార పచ్చగా భగ్గుమంది. లీకు దొరికిందనుకుని వేలితో రాశాను. తడి లేదు. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంటే పసుపు వాసన.

టార్చి ఆపాను. చార ఆరిపోయింది. వేశాను. వెలిగింది. మళ్లీ ఆపాను. పసుపు ఆ కాంతిలో వెలుగుతుందని, కాంతి పోగానే ఆరిపోతుందని అప్పుడు నా కళ్లతో చూశాను. అద్దం పోతే కొన్నేళ్లు ఇంట్లో పడుందన్న మాట అక్కడే గుర్తుకొచ్చింది. ఇన్నేళ్లుగా నా చేతులతో పేర్చి ఇచ్చిన స్పానర్లన్నిటికీ పసుపు పెట్టడం చూసినవాణ్ని, ఒక జాలరి ఇంట్లో అద్దం లేని వాచీకి ఏమవుతుందో ఆలోచించలేదు. గ్రూపులోని పరాయి దేశాల వాళ్లకు ఇది తట్టకపోతే తప్పు లేదు. నేను ఇక్కడ పుట్టినవాణ్ని.

వెంటనే ఆయన దగ్గరికి పరిగెత్తానని రాయగలిగితే బాగుండును. వెళ్లలేదు. సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం పెట్టాను. చక్కటి గ్రాంథికపు తెలుగులో, తెలుగు లిపిలో, ఫోను తెర రెండుసార్లు జరపాల్సినంత పొడుగు. 'పునఃపరిశీలన', 'అభిప్రాయ సవరణ' వంటి మాటలు వాడాను. ఆ గ్రూపులో సగం మందికి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. నాకది తెలుసు. తెలిసే రాశాను. నాలుగు బొటనవేళ్లు వచ్చాయి, రెండు దణ్ణాలు వచ్చాయి. కార్యదర్శి, "అంకుల్, లంబా హై. వాయిస్ మెసేజ్ భేజో నా" అని పెట్టాడు. పంపలేదు. చెప్పేశానని నాకు నేను చెప్పుకున్నాను. ఆ సుఖం ఒక వారం కూడా నిలవలేదు.

చివరికి ఒక ఆదివారం చర్చి అయ్యాక అటు నుంచి అటే వాళ్లింటికి వెళ్లాను. వాచీ ఒకసారి చూపించమన్నాను. మావయ్య లేవలేదు. అత్త లోపల దేవుడి దగ్గర నుంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. తలుపు మూసి టార్చి వేశాను. చుక్కలు మండాయి. ఆపాను. చీకటి. చుక్కల్లో ఒక్కటీ నిలవలేదు.

"అత్తా, అద్దం లేనప్పుడు దీనికి పసుపు పెట్టేదానివా?"

"ఎట్టకేటి? ఆయుధం ఆయుధమే కదా. ముసుగూ గునపం ఇదీ పీట మీద ఎట్టి పసుపు రాసీదాన్ని. ఇందల గుండ్రాలున్నాయి సూడు, అయ్యి బొట్లలాగుండీవి. ఒక్కోదాని మీదా ఏలితో అద్దీదాన్ని. ఎన్ని దసరాలో."

చుక్కలు మాత్రమే ఎందుకు వెలిగాయో తెలిసిపోయింది. నేను తలుపు తీసి, మావయ్య ఎదురుగా కూర్చుని చెప్పాను. డయల్ అసలైనదని, తప్పు నాదని, నన్ను క్షమించమని.

ఆయన విన్నాడు. "ఇది అసలుదని నాకు సెప్తావేటల్లుడా? నాకు తెల్దా? ఆ రోజు నవ్వినోల్లెవులూ ఈడ నేరు. ఆల్లకి సెప్పు."

"సంఘం మీటింగులో చెబుతాను. వాచీ ఒక్క పూట ఇస్తే, ఆ టార్చితోనే..."

"మల్లీ దాన్ని ఆ బల్ల మీద ఎట్టను."

"నువ్వు కూడా వస్తే..."

"నానెందుకు? నానేటి తప్పు సేసినాను?"

నెలాఖరు మీటింగులో ఐసు గురించీ డీజిల్ గురించీ మాటలయ్యాక నేను లేచాను. చేతిలో వాచీ లేదు. టార్చి ఇంట్లో వదిలి వచ్చాను. ఆ రోజు తప్పు చెప్పానని, చుక్కలు వెలిగింది పసుపు వల్లనని, మావ చెప్పిందంతా నిజమని అందరికీ అర్థమయ్యేలా హిందీ కలిపి చెప్పాను.

"ప్రూఫ్ క్యా హై అంకుల్?" అన్నాడు ఒకడు. "ఆ రోజు టార్చి కొట్టి చూపించారు. ఆజ్ వాచీ కిధర్ హై?"

"తేలేదు."

"మావ పంపించాడా మిమ్మల్ని? చాయ్ తాగించాడా?"

నవ్వులు మొదలయ్యాయి. నా దగ్గర నా మాట తప్ప ఇంకేమీ లేదు. ఇన్నేళ్లూ మావయ్య దగ్గర ఉన్నదీ అంతే. ఆ నవ్వుల మధ్య నిలబడి, చెప్పకుండా వెళ్లిపోవచ్చుననుకున్న మిగతా సగం చెప్పేశాను.

"మర్నాడు వాళ్లింటికి వెళ్లి ఆ వాచీ నాకిమ్మని అడిగాను. అలాంటి డయల్ కోసం నేను చాలా ఏళ్లుగా వెతుకుతున్నాను. మావయ్య చేతికి ఉండటం నాకు నచ్చలేదు."

నవ్వు ఆగింది. వెనక బెంచీ మీద వల బాగుచేసుకుంటూ కూర్చున్న ముసలాయన తలెత్తాడు.

"అంటే, నీకు కావాలని నకిలీదన్నావా?"

"అన్నప్పుడు అలా అనుకోలేదు. అన్నాక అడిగాను."

"రెండూ ఒకటే నాయినా" అని ఆయన మళ్లీ వల మీదికి వంగాడు.

ఎవరూ నన్ను తిట్టలేదు. కార్యదర్శి "ఠీక్ హై అంకుల్, బైఠో" అన్నాడు. ఆ మర్నాడే అతను మావయ్య ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాడని, వాచీ ఇవ్వకపోయినా ఫరవాలేదు, ఆ ఓడ సంగతి ఒకసారి చెబితే ఫోన్లో రికార్డు చేసి, హాల్లో ఇంకా ఉన్న పనిముట్ల పక్కన కార్డు మీద రాసి పెడతామన్నాడని తెలిసింది. మావయ్య అతనికి టీ ఇప్పించి, "మీ అంకుల్నడగండి, ఆడు సెప్తాడు" అన్నాడట.

సంఘం వాళ్లు ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. నేను మొదలుపెట్టాను. కలప ఓడ, ఫ్యాను, మోకు, కత్తి. అక్కడితో అయిపోయింది. ఓడ ఏ రంగుది, ఎన్నిసార్లు మునిగి తేలాడు, ఇంజనీరు వాచీ కడుతూ ఏమన్నాడు అని వాళ్లు అడిగారు. నాకు ఒక్కటీ తెలియదు. ఆయన ఎన్నోసార్లు మా గుమ్మంలో నిలబడి చెప్పాడు. ఓడ పేరు కూడా చెప్పేవాడు. నేను తలాడిస్తూ ఉండేవాణ్ని. లోతు వరసలో అడుగులు ముందో మీటర్లు ముందో ఇన్నేళ్లు గుర్తుపెట్టుకున్న బుర్ర, ఆ పేరు ఒక్కసారి కూడా వినలేదు.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఆయన మెట్టు మీద కూర్చుని తాడుకు ముడి వేస్తున్నాడు. అత్త గుమ్మంలో బియ్యం ఏరుతోంది.

"మావయ్యా, ఆ ఓడ పేరేంటి?"

ముడి బిగించి, లాగి చూసుకుని, ఇంకొకటి మొదలుపెట్టాడు.

"గుర్తునేదల్లుడా" అన్నాడు.

అత్త చేతిలోని చేట ఆగింది. ఆయన వైపు చూసింది. తర్వాత మళ్లీ బియ్యం ఏరుకోసాగింది.